ఏ ఇంటికి తగ్గ బల్ల?

"ఇంట్లో ఎంతమంది ఉండారు?" భోజనాల బల్ల చేయించుకునేవాళ్లని ఆచారి ముందుగా అడిగేది ఇదే. మా పెద్దపంజాణి వైపు దీనికి జవాబు చెప్పేది ఎక్కువగా ఇంటాయనే. ఆరుమందిమి అంటాడు. పక్కకు ఇద్దరు, చివరకు ఒక్కరు కూర్చుంటే, మనిషికి రెండడుగుల లెక్కన ఐదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు చాలు. కుర్చీ వెనక్కి జరిపి లేవడానికి చుట్టూ మూడేసి అడుగులు వదిలితే పదకొండుకు తొమ్మిది అడుగుల జాగా బల్లకే పోతుంది. మన కొత్త శ్లాబు ఇళ్లలో చాలావాటికి హాలే అంత ఉంటుంది. అయినా బల్ల వస్తుంది. వచ్చాక దాని మీద బైకు తాళాలు, కరెంటు బిల్లులు, టమాటా మండీ చీటీలు చేరతాయి. మనుషులు కింద కూర్చుని టీవీ చూస్తూ సంగటి తింటారు.

సంగటి తినేవాళ్లకు ముప్పై అంగుళాల ఎత్తు ఎక్కువేనని నా అభిప్రాయం. అది ఫోర్కు పట్టినవాళ్ల లెక్క. ముద్ద తుంచి పులుసులో అద్దాలంటే మోచెయ్యి భుజం దాకా లేవకూడదు; రెండంగుళాలు తగ్గిస్తే సుఖం. పైపలక టేకుదైతే వానాకాలపు తేమకు వెడల్పు వైపు ఉబ్బుతుంది, ఎండలకు మళ్లీ తగ్గుతుంది. పని తెలిసినవాడు దాన్ని చట్రానికి బిగదియ్యడు, మెదలడానికి సందు వదిలి స్క్రూలు వేస్తాడు. కుప్పం గ్రానైటు వేయిస్తే ఈ బెడద లేదు గాని, ఆ కొలతకు పద్దెనిమిది మిల్లీమీటర్ల రాయి అరవై కిలోలు దాటుతుంది. ఒకసారి పెట్టామంటే కదిలించడం ఉండదు.

ఇక ఆ ఆరుమంది ఎవరు? వంట చేసే ఆవిడనూ లెక్కలో వేసే ఉంటారు, ఆమెకూ ఒక కుర్చీ ఉంటుంది. అందరూ తినేటప్పుడు ఆమె దాని వెనక నిలబడి వడ్డిస్తుంది. పొలం పనికొచ్చిన మనిషి అసలు లెక్కలోనే లేదు. కొన్ని ఇళ్లలో ఇప్పటికీ ఆమె గ్లాసు వేరు, తినేది పెరట్లో. ఇంటికి తగ్గ బల్ల చెయ్యమంటే ఏ ఇంటికి? ఉన్న ఇంటికా, ఉండాల్సిన ఇంటికా?

బల్లలొచ్చి మనల్ని పాడుచేశాయి, నేల మీద పంక్తి భోజనంలోనే సమానత్వం ఉందనేవాళ్లున్నారు. నేను నమ్మను. ఎవరి పక్కన ఎవరు కూర్చోవచ్చో విస్తరి వెయ్యకముందే కులం తేల్చి పెట్టేది. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలుపెట్టిన గోరా, సరస్వతి దంపతులు సహపంక్తి భోజనాలను ఒక ఉద్యమంగా నడపాల్సి వచ్చిందంటే, మామూలు పంక్తి ఎలాంటిదో తెలుస్తూనే ఉంది. కలిసి తిన్నంత మాత్రాన కులం చావదని అంబేడ్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో రాశారు. అసలు మందు కులాంతర వివాహమే అన్నారు. నేలకే లేని శక్తి బల్లకు ఎక్కడిది?

షికాగోలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1910 నాటికి రోబీ కుటుంబానికి ఇల్లు కట్టి, భోజనాల బల్లనూ తనే గీశాడు. చుట్టూ నిలువెత్తు వీపులున్న కుర్చీలు. అవి గదిలో ఇంకో గదిలా మారి, లోపల కూర్చున్నవాళ్లను దగ్గరకు చేరుస్తాయని ఆయన ఉద్దేశం. ఆ కుటుంబం అక్కడ రెండేళ్లయినా లేదు. అప్పులు, మొగుడూ పెళ్లాల మధ్య ఎడబాటు. ఇల్లు అమ్మేశారు. అంత గొప్ప పనివాడి కుర్చీలు కూడా వాళ్లను పట్టి ఉంచలేకపోయాయి.

మాకు దగ్గర్లోనే, మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి జీవితమంతా చెప్పిందీ ఇంచుమించు ఇదే: బయటి ఏర్పాట్లు మార్చినంత మాత్రాన లోపలి మనిషి మారడు. కాదనలేను. కాని లోపలి మార్పు వచ్చేదాకా ఆ వడ్డించే ఆవిడ ఎక్కడ తినాలి? ఎప్పుడు తినాలి?

అందుకే బల్ల పని చిన్నదని నేననుకోను. మూడడుగుల వెడల్పులో రెండువైపులా కంచాలు పెడితే మధ్యలో ఒక అడుగు మిగులుతుంది. అందులో సంగటి గిన్నె, పులుసు, అన్నం, మజ్జిగ పట్టవు. గిన్నెలు వంటింట్లోనే ఉండిపోతాయి, వాటికోసం ఒకరు తిరుగుతూనే ఉండాలి. ఇంకో ఆరంగుళాలు పెంచితే అవి బల్లమీదికొస్తాయి. ఎవరికి కావలసింది వాళ్లు వేసుకుంటారు, నిలబడేవాళ్ల అవసరం తీరుతుంది. ఒక పక్క కుర్చీలు తీసేసి బెంచీ వేస్తే వచ్చినవాళ్లు సర్దుకుంటారు. అవసరం తీరినా ఆమె నిలబడే ఉండొచ్చు. అలవాటు వెడల్పును బట్టి పోదు. కనీసం నిలబడడానికి సాకు మాత్రం ఉండదు.

"హాల్లో పట్టదప్పా" అంటాడు డబ్బిచ్చే ఆయన. నిజమే, దారి ఇరుకవుతుంది. ఆ ఇరుకును ఓర్చుకోవాల్సింది గోడవైపు నక్కి కూర్చునే కొడుకా, గిన్నె పట్టుకుని తిరిగే తల్లా అని ఆయన్ని అడిగే హక్కు వడ్రంగికి ఉందంటాను. పని పోతే పోవచ్చు.