గాలివానలో ప్రయాణం: కర్తవ్యానికీ వివేకానికీ మధ్య

అండమాన్ నికోబార్ దీవులలో వాన అప్పుడప్పుడు వచ్చిపోయే చుట్టం కాదు. మే మాసంలో నైరృతి పవనాల వెంట ప్రవేశించి, ఈశాన్య పవనాల ఉద్ధృతి తగ్గే డిసెంబరు వరకు అది ఇంటి మనిషివలెనే మసలుతుంది. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురిసే ఈ ద్వీపాలలో వాన వెలిసిన తరువాత పని చేసుకుందామనుకుంటే జీవితంలో సగభాగం ఎదురుచూపులకే చెల్లిపోతుంది. 2024లో శ్రీ విజయ పురంగా పేరు మారిన పోర్టుబ్లెయిరు పట్టణం చదునైన నేలపై వెలసినది కాదు. ఎక్కుడు దిగుడు దారులు, కొండ మలుపులు, ఒక వైపు సముద్రం, మరొక వైపు తడిసిన వృక్షాలు దాని స్వరూపం. ఈ ద్వీపాలలో రైలుమార్గం లేదు. అబర్డీన్ బజారుకైనా, గారాచర్మాకైనా, జంగ్లీఘాట్‌కైనా సామాన్య ఉద్యోగికి, చిరువ్యాపారికి ఆధారం బస్సు, లేదా సొంత స్కూటరు.

2011 జనగణన ప్రకారం ఈ ద్వీపవాసులలో నూటికి సుమారు పదముగ్గురు తెలుగు మాతృభాషగా గలవారు. వీరిలో పెక్కుమంది పూర్వీకులు శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి వలస వచ్చినవారు. గాలివాన వీరికి కొత్త కాదు. అయినా ప్రతి వర్షాకాలపు ఉదయమూ వీరి ముందు ఒక పాత ప్రశ్నను నిలుపుతుంది: ఈ వానలో, ఈ గాలిలో బండి తీయవలెనా, ఆగవలెనా? పైకి ఇది అలవాటుకు, సౌకర్యానికి సంబంధించిన ప్రశ్నగా కనిపిస్తుంది. కాని లోతుగా చూస్తే, మనిషి తన ప్రాణంపై తనకున్న హక్కు, ఇతరుల పట్ల తన బాధ్యత, ఆజ్ఞాపించేవారి ధర్మం - ఈ మూడూ ఇందులో పెనవేసుకొని ఉన్నాయి.

ముందుగా వాహన స్వభావాన్ని గమనించాలి. స్కూటరుకు గోడలు లేవు, పైకప్పు లేదు. దాని నిలకడ కదలికలోనే ఉంది. చిన్న చక్రాల మీద సాగే ఈ బండి రోడ్డును అంటిపెట్టుకొని ఉండేది అరచేతి వెడల్పు మేర మాత్రమే. గాలి వేగం రెట్టింపైతే దాని తాకిడి నాలుగు రెట్లవుతుంది. బండి వేగం రెట్టింపైతే, బ్రేకు వేసిన తరువాత ఆగడానికి పట్టే దూరం కూడా నాలుగు రెట్లవుతుంది. తడి నేలపై ఆ దూరం మరింత పెరుగుతుంది. చాలా దినాల పొడి వాతావరణం తరువాత కురిసే తొలి జల్లు, దుమ్మును, చమురు మరకలను కలిపి రోడ్డుపై జారుడు పొరను పరుస్తుంది. కనుక ధారాపాతమైన వానకంటె ఆ తొలి చినుకులే ఒక్కొక్కప్పుడు ఎక్కువ మోసకారివి. చెట్ల చాటున, కొండ చాటున సాగిన బండి మలుపు తిరిగి సముద్రపు గాలికి ఎదురైనప్పుడు, అప్పటివరకు లేని తోపుడు ఒక్కసారిగా పక్కనుండి వస్తుంది. నడిపేవాని నైపుణ్యం ఎంతటిదైనా, ఆ క్షణంలో అతని అధీనంలో ఉన్నదానికంటె లేనిదే ఎక్కువ.

ఇట్టి స్థితిలో బయలుదేరడం సాహసమా, మూర్ఖత్వమా? మన భాష ఈ ప్రశ్నకు రెండు సమాధానాలు దాచుకొన్నది. 'నిదానమే ప్రధానం' అన్నదీ మన పెద్దలే, 'ఆలస్యం అమృతం విషం' అన్నదీ వారే. సామెతలు పరస్పరం విరుద్ధాలుగా ఉండడం జాతి అవివేకం కాదు. ఏ సమయంలో ఏది వర్తిస్తుందో నిర్ణయించే భారాన్ని అవి మనిషికే వదలిపెట్టాయి. 'సాహసం' అన్న మాట చరిత్ర మరింత ఆసక్తికరమైనది. నేడు అది ప్రశంసావాచకం. ప్రాచీన ధర్మశాస్త్రాలలో అది బలప్రయోగంతో చేసే నేరానికి పేరు. యాజ్ఞవల్క్య స్మృతిలో సాహసానికి ప్రత్యేక ప్రకరణమే ఉన్నది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో జరిమానాల శ్రేణులను సాహస దండాలనే వ్యవహరించారు. పర్యవసానాన్ని లెక్కచేయని తెగింపు అనే మూలభావం నుండి ఒక కొమ్మ నేరం వైపు, మరొక కొమ్మ వీరత్వం వైపు సాగినవి. ఆ రెండు కొమ్మలను వేరుచేసేది తెగింపు పరిమాణం కాదు, దాని ప్రయోజనం.

ఈ భేదానికి ద్వీపాల చరిత్రలోనే ఒక నిదర్శనం ఉన్నది. 1891 నవంబరు మొదట్లో పోర్టుబ్లెయిరును పెనుతుఫాను తాకింది. 'ఎంటర్‌ప్రైజ్' అనే ప్రభుత్వ నౌక తీరపు రాళ్లకు కొట్టుకొని బద్దలైంది. నౌకలోని 83 మందిలో 77 మంది సముద్రం పాలయ్యారు. మిగిలిన ఆరుగురిని ఒడ్డుకు చేర్చినవారు సౌత్ పాయింట్ కారాగారంలోని స్త్రీ ఖైదీలు. ఒకరి చేయి ఒకరు పట్టుకొని, మానవ శృంఖలగా అలలలోనికి దిగి, వారు ఆ నావికులను బయటకు లాగారు. సమాజం నేరస్థులని ముద్రవేసి సముద్రానికి ఆవలకు పంపిన స్త్రీలు వారు. తమను బంధించిన ప్రభుత్వపు నౌకలోని వారినే వారు రక్షించారు.

ఆ చర్యను సాహసమని గౌరవించడానికి మూడు హేతువులు కనిపిస్తాయి. మొదటిది, ఎదుట ప్రాణాలు పోతున్నాయి. రెండవది, మరునాటికి వాయిదా వేయదగిన పని కాదు. మూడవది, వారు ఒంటరిగా దిగలేదు. ఒకరి పట్టు మరొకరికి రక్షణ అయింది. ఈ మూడు కొలబద్దలను గాలివానలో బండి తీసే మనిషి ముందుంచితే, చాలా ప్రయాణాలు వాటికి నిలువవు. హాజరు పట్టీలో సంతకానికో, సాయంకాలపు కాలక్షేపానికో, 'నిన్నకూడా వెళ్లాను గదా' అనే ధీమాకో చేసే ప్రయాణం ఆ స్త్రీల సాహసానికి బంధువు కాజాలదు. ప్రసవవేదనతో ఉన్న స్త్రీ దగ్గరకు వెళ్లే నర్సు, తెగిన విద్యుత్తు తీగను సరిచేయబోయే కార్మికుడు, వారిని గురించి వేరుగా చెప్పుకోవలసిందే.

'నా ప్రాణం నా ఇష్టం' అనే వాదం ఒకటి తరచుగా వినిపిస్తుంది. స్వేచ్ఛను గౌరవించేవారు దీనిని తేలికగా తోసిపుచ్చలేరు. కాని రోడ్డు మీద ఎవరి ప్రాణమూ కేవలం వారిదిగా ఉండదు. వెనుక కూర్చున్న భార్యకో, బిడ్డకో హ్యాండిల్‌పై అధికారం లేదు, ప్రమాదంలో భాగం మాత్రం ఉన్నది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 128వ సెక్షను ద్విచక్రవాహనంపై నడిపేవానికి తోడు ఒక్కరినే అనుమతించింది. 129వ సెక్షను శిరస్త్రాణాన్ని తప్పనిసరి చేసింది. చట్టం చెప్పిన ఈ హద్దులు కనీస మర్యాదలు. వాన, గాలి ఎంత తీవ్రమైతే ఆగవలెనో చట్టం చెప్పలేదు, చెప్పజాలదు. అక్కడినుండి నీతి ప్రారంభమవుతుంది.

ద్వీపంలో ఈ బాధ్యత మరింత బరువైనది. ప్రధాన భూభాగంలో ఒక పట్టణం నుండి మరొక పట్టణానికి క్షతగాత్రుని రోడ్డు మార్గాన తరలించవచ్చు. ఇక్కడ దూర ద్వీపాలలో గాయపడినవానిని మెరుగైన వైద్యానికి తేవాలంటే నౌకయో హెలికాప్టరో కావాలి. గాలివానలో ఆ రెండూ కదలడం కష్టం. కనుక ఒక్కరి తొందరపాటు వెంట వైద్యులు, నావికులు, ఇంటివారు, ఎందరో తమ ప్రమేయం లేకుండానే ప్రమాదంలోనికి లాగబడతారు.

సముద్రయానానికి మానవుడు ఒక మంచి కట్టుబాటును ఏర్పరచుకొన్నాడు. వెళ్లదలచినవాడు వేరు, వెళ్లవచ్చునని చెప్పేవాడు వేరు. చాథం నుండి బంబూఫ్లాట్‌కు మనుషులను, స్కూటర్లను మోసే ఫెర్రీ, సముద్రం అల్లకల్లోలమైన దినాన ఒడ్డున ఆగితే ఆ సరంగును పిరికివాడని ఎవరూ అనరు. రేవులో ప్రమాద సూచిక ఎగిరితే చేయి తిరిగిన జాలరి కూడ పడవను ఒడ్డుకు లాగుతాడు. స్కూటరు విషయంలో ఈ ఏర్పాటు లేదు. నడిపేవాడే సరంగు, నడిపేవాడే రేవు అధికారి. కోరికా తనదే, అనుమతీ తనదే. తన వ్యాజ్యంలో తానే న్యాయమూర్తిగా కూర్చున్న మనిషి సాధారణంగా తనకు అనుకూలంగానే తీర్పు చెప్పుకొంటాడు. వివేకమంటే, తనలోని ఈ ఇద్దరినీ వేరుచేసి, రెండవవాని మాట వినడం.

అయితే, నీతిని నడిపేవాని నెత్తిన మాత్రమే మోపడం అన్యాయం. ఒకే వానలో కారులో వచ్చే అధికారి, స్కూటరుపై వచ్చే గుమాస్తా, నడిచివచ్చే దినకూలీ, ఈ ముగ్గురూ తడిసేది ఒకే విధంగా కాదు. తొమ్మిదిన్నరకు పొడిబట్టలతో కుర్చీలో కూర్చున్నవానికి, పది దాటి తడిసి ముద్దై వచ్చినవాడు ఆలస్యంగానే కనిపిస్తాడు, ఆపద దాటి వచ్చినవాడుగా కనిపించడు. సెలవు ఉన్నవానికి వివేకం సులభం. రోజుకూలీకి ఆ రోజు ఆగడమంటే ఆ పూట పొయ్యి వెలగకపోవడం. బుట్టలోని చేపను మరునాటికి నిలువ ఉంచలేని అమ్మకందారుకు వాతావరణ హెచ్చరిక ఒక నష్టాల చీటీ. ప్రాణానికీ జీతానికీ మధ్య ఎన్నుకోమని చెప్పి, ప్రాణాన్ని పణంగా పెట్టినవానిని 'దుడుకు మనిషి' అని నిందించడం నీతి అనిపించుకోదు. వాన తగ్గినాక రమ్మని ముందుగానే ఒక మాట చెప్పడం, ఆ గంట ఆలస్యాన్ని తప్పుగా లెక్కించకపోవడం, ఇవి పరిపాలనలో చిన్న విషయాలే. కాని ఆజ్ఞాపించే హక్కు గలవాని ధర్మం ఇటువంటి చిన్న విషయాలలోనే తేలుతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఎదురవుతుంది. ఏడెనిమిది నెలలు వాన కురిసే చోట అందరూ ఆగిపోతే జనజీవనం సాగేదెట్లు? పైగా హెచ్చరికలు తరచు తప్పుతాయి గదా! ఇటీవలి రెండు తుఫానులు ఈ ప్రశ్నకు వెలుగునిస్తాయి. 2013 నవంబరులో లెహర్ తుఫాను పోర్టుబ్లెయిరుకు సమీపంగా అండమాన్‌ను దాటి ఆంధ్ర తీరం వైపు సాగింది. సముద్రంలో బలపడి భయపెట్టినా, మచిలీపట్నం దగ్గర తీరం చేరేసరికి వాయుగుండంగా బలహీనపడింది. మరుసటి యేడు అక్టోబరు 8న హుద్‌హుద్ అదే అండమాన్‌ను దాటింది. నాలుగు దినాల తరువాత, 12వ తేదీన విశాఖపట్నంపై విరుచుకుపడి నగరాన్ని అతలాకుతలం చేసింది. దాదాపు ఒకే తోవన వచ్చిన రెండు తుఫానులలో ఒకటి చల్లారింది, ఒకటి చెలరేగింది.

లెహర్ నాడు జాగ్రత్తపడినవారి శ్రమ వృథా అయినదా? కాలేదు. నిర్ణయం మంచిచెడ్డలను ఆనాడు తెలిసిన దానితో తూచాలిగాని, తరువాత జరిగిన దానితో కాదు. ఈ సూత్రం రెండవ వైపునుండి కూడ అంతే సత్యం. గాలివానలో దూసుకుపోయి క్షేమంగా ఇల్లు చేరినవాడు, చేరినందువల్ల, తన నిర్ణయం సరియైనదని నిరూపించినవాడు కాడు. అదృష్టం అతని తప్పును కప్పిపుచ్చింది, అంతే. అట్లే, జాగ్రత్తగా మెల్లగా నడుపుతూ కూడ కూలిన కొమ్మ కింద గాయపడినవాడు తప్పుచేసినవాడు కాడు. ఫలితాన్ని బట్టి మనిషిని మెచ్చడం, నిందించడం మన సమాజానికి బాగా అలవాటైపోయింది. క్షేమంగా చేరిన ప్రతి నిర్లక్ష్యమూ మరుసటి నిర్లక్ష్యానికి గురువవుతున్నది.

జనజీవనం ఆగరాదన్న మాట వాస్తవమే. కాని వెళ్లడం, మానడం అనే రెండింటి మధ్య అనేక మెట్లున్నాయి. అరగంట ముందు బయలుదేరడం, వేగం తగ్గించడం, గాలికి ఎదురుగా ఉన్న సముద్రపు దారిని విడిచి చుట్టుదారి పట్టడం, బిడ్డను ఇంట ఉంచడం, బస్సెక్కడం, సగం దారిలో ఏ దుకాణపు అరుగు మీదనో ఆగడం, ఇవన్నీ ఆ మెట్లే. వీటిలో కడపటిదే కష్టమైనది. బయలుదేరకుండా ఉండడానికి కొంచెం ఆలోచన చాలు. బయలుదేరిన తరువాత ఆగడానికి అహంకారాన్ని దించుకోవాలి.

బజాజ్ సంస్థ 1972లో విడుదల చేసిన స్కూటరుకు చేతక్ అని పేరు పెట్టింది. రాణా ప్రతాపుని అశ్వానికి గల కీర్తి ఆ పేరులో వినిపిస్తుంది. అయితే సంప్రదాయ గాథలో చేతక్ చిరస్మరణీయమైనది యజమానిని రణంలోనికి తీసుకొనిపోయినందుకు మాత్రమే కాదు. 1576 నాటి హల్దీఘాట్ యుద్ధంలో తాను గాయపడి కూడ అతనిని రణం నుండి బయటకు చేర్చినందుకు. వెనుదిరగడాన్ని ఆ కథ అవమానంగా చెప్పలేదు.

పాలగుమ్మి పద్మరాజుగారి 'గాలివాన' కథ 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథానికల పోటీలో ద్వితీయ బహుమతి పొందింది. నియమాలతో జీవితాన్ని బిగించుకొన్న పెద్దమనిషికి, ఆ గాలివాన రాత్రి, తాను ఈసడించిన బిచ్చగత్తె తోడైంది. గాలివాన మనుషులను ఒకరికొకరు అవసరమని తెలియజేస్తుంది. 1891లో చేతులు కలిపిన స్త్రీలకు అది తెలుసు. ఈనాటి రోడ్డు మీద ఆ తెలివిడి మరీ సామాన్యమైన రూపాలలో కనిపించవలసి ఉన్నది. ఆగిన స్కూటరుకు అరుగు మీద చోటు ఇచ్చే దుకాణదారు, నీటి గుంటను చూసి వేగం తగ్గించే కారు డ్రైవరు, వాన తగ్గినాక రావచ్చునని చెప్పే అధికారి - వీరంతా ఆ శృంఖలలోని చేతులే. ఆ చేతులు ఉన్నప్పుడు, ఆగినవాడు పిరికివాడు కాడు, వెళ్లవలసి వచ్చినవాడు ఒంటరివాడు కాడు.