నమ్మడానికి కూడా ఒక ధర్మం ఉందా?



"నేను ఏం నమ్మితే నీకెందుకు? నా నమ్మకం నా ఇష్టం!" ఈ మాట మనం వింటూనే ఉంటాం, అంటూ ఉంటాం కూడా. తినడానికి నియమం ఉంది, మాట్లాడటానికి నియమం ఉంది, సరే. మరి మనసులో నమ్మడానికి కూడా నియమం ఎందుకండీ?

మహాభారతంలో ద్రోణపర్వం గుర్తుచేసుకుందాం. యుద్ధం 15వ రోజు. అశ్వత్థామ అనే పేరున్న ఏనుగుని చంపి, అశ్వత్థామ చనిపోయాడని భీముడు గట్టిగా అరిచాడు. ద్రోణుడి గుండె జారిపోయింది. అయినా వెంటనే నమ్మేయలేదు. కొడుకు బలమేంటో ఆయనకి తెలుసు. పైగా చెప్పినవాడు అవతలి పక్షం. అందుకే వెళ్ళి ధర్మరాజుని అడిగాడు. మూడు లోకాలు ఇస్తామన్నా అబద్ధం ఆడని మనిషి అని ఆయన మీద గురి.

అంత దుఃఖంలో కూడా ద్రోణుడు వదలని ఈ పద్ధతినే మన న్యాయశాస్త్రం ప్రమాణం అంటుంది. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని ప్రమాణాలు నాలుగు. శబ్దం అంటే ఆప్తుడి మాట. మనం వాడుకలో ఆప్తుడంటే దగ్గరివాడు అనుకుంటాం. అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఆప్తుడంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. ఈ తేడా చూడండి. మన ఫ్యామిలీ గ్రూపులో ఉన్నవాళ్ళంతా మొదటి అర్థంలో ఆప్తులే. రెండో అర్థంలో ఎంతమంది?

ఇక్కడ మీకో సందేహం రావాలి. ద్రోణుడు అంత జాగ్రత్తపడ్డా మోసపోయాడు కదా, ఇక నియమం వల్ల లాభం ఏంటి? నిజమే, నియమం పాటించినా ఒక్కోసారి తప్పు జరుగుతుంది. కానీ ఆ రోజు దోషం ఎవరికి చుట్టుకుందో చూడండి. అప్పటిదాకా నేలకి నాలుగు వేళ్ళ ఎత్తున నడిచిన ధర్మరాజు రథం కిందికి దిగిపోయింది. నమ్మి అడిగినవాడికి సగం నిజం చెప్పినందుకు!

మనం కూడా ఎవరో ఒకరికి ధర్మరాజులమే. మీరు పంపారంటే అమ్మ ఇంకేమీ చూడకుండా నమ్ముతుంది. అందుకే నమ్మకం నా ఒక్కడి ఇష్టం కాదు. నా మనసులో చేరిన మాట అక్కడే ఆగదు.

2018లో పిల్లల్ని ఎత్తుకెళ్ళే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో మెసేజ్‌లు దేశమంతా తిరిగాయి. జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురిని జనం కొట్టి చంపేశారు. వాళ్ళు భిక్షాటన చేసుకునే సంచార జాతివాళ్ళు. అలాంటి మెసేజ్‌లు పంపినవాళ్ళలో చాలామంది "నిజమైతే? నలుగురూ జాగ్రత్తపడతారు కదా" అనుకునే పంపి ఉంటారు. ఉద్దేశం మంచిదే. కానీ ప్రమాణం లేదు.

"అన్నిటికీ రుజువు అడిగితే భక్తి ఏమైపోతుంది?" అని మీరు అడగొచ్చు. దేవుడి మీద శ్రద్ధ వేరు, దేవుడి పేరుతో వచ్చే ప్రతి కబురూ వేరు. సూర్యుడు ఓం అంటున్నాడని నాసా రికార్డు చేసిందంటూ 2020లో ఒక వీడియో తెగ తిరిగింది. నాసా అలా చెప్పనేలేదు. అయినా ఓంకారానికి నాసా సర్టిఫికెట్ కావాలా? ఆ వీడియో అబద్ధమని తేలిన రోజు, చూసిన పిల్లాడు "మిగతావన్నీ ఇంతేనేమో" అనుకుంటాడు. అబద్ధంతో నిలబెట్టిన భక్తి, ఆ అబద్ధంతోపాటే కూలిపోతుంది.

కాబట్టి ఈసారి ఏదైనా మెసేజ్ చూసి ఒళ్ళు పులకరించినా, రక్తం మరిగినా, ఒక్క నిమిషం ఆగండి. ఇది చెప్పింది ఎవరు? వాళ్ళకి ఎలా తెలిసింది? నేను పంపితే, నన్ను నమ్మినవాళ్ళకి రేపు జవాబు చెప్పగలనా? ఈ మూడూ అడిగాకే ముందుకు పంపండి. మన ఛానల్‌లో మేం చెప్పే మాటలకి కూడా ఇదే నియమం!

అందరికీ శుభం కలగాలి.