బొమ్మ చేతిలోని కత్తి

ప్రాణము లేని వస్తువుతో హింస సంభవించునా? ఈ ప్రశ్న పండితుల చర్చకే చెందినట్లు తోచును. కాని పిల్లలు గల ప్రతి శ్రావక గృహమునకును ఇది సంబంధించినదే.

నేడు కోయంబత్తూరు నగరములో భాగమైయున్న సింగానల్లూరు ప్రాంతమున తరతరములుగా తెలుగు కుటుంబములు నివసించుచున్నవి. నవరాత్రులలో బొమ్మల కొలువు తీర్చుట అచ్చటి ఇండ్ల ఆచారము. బేసి సంఖ్య గల మెట్లపై కొయ్యతో చేసిన మరపాచి దంపతులు, మట్టి దేవతామూర్తులు, ముందు దినుసులు పరచుకొని కూర్చున్న చెట్టియారు జంట కొలువుదీరుదురు. ఏటేటా క్రొత్త బొమ్మ చేరును, పాతవానిని విడువరు. అందుచే అటకమీది పెట్టె దింపినప్పుడు ఏ యింటనైనను మట్టిబొమ్మల అడుగున వేరొక జాతి బొమ్మ బయటపడవచ్చును. దాని పేరు హీ-మ్యాన్.

1982లో అమెరికాలోని మాటెల్ కంపెనీ దీనిని విడుదల చేసినది. ఆ దశాబ్దముననే మన దేశములో లియో కంపెనీ దీనిని తయారుచేసి అమ్మినది. ఎత్తు సుమారు 5½ అంగుళములు. కండలు తిరిగిన దేహము. చేత కత్తి, గొడ్డలి, డాలు. నడుమున స్ప్రింగు కలదు. మొండెమును ఒక ప్రక్కకు త్రిప్పి విడిచినచో అది గిర్రున మరలి ఎదుటి బొమ్మను కొట్టును. నాడు దానితో ఆడిన బాలుడు నేడు గృహస్థుడు. ఇప్పుడతని బిడ్డ చేయి చాచినచో, ఇయ్యవచ్చునా?

“ప్లాస్టిక్కే గదా!” అనువారు కలరు. వారు యశోధరుని కథను స్మరింపవలెను. క్రీ.శ. 959లో తెలుగునాట గంగాధరమున సోమదేవసూరి పూర్తిచేసిన యశస్తిలకమున ఆ కథయే ప్రధానము. జంతుబలికి ఒప్పుకొనని రాజు తల్లి మాట త్రోసివేయలేక పిండితో చేసిన కోడిని బలియిచ్చెను. రక్తము చిందలేదు, ప్రాణము పోలేదు. అయినను చంపవలెనను సంకల్పమే ఆ తల్లికొడుకులను జన్మజన్మలు పశుపక్షి యోనులలో త్రిప్పినది. ద్రవ్యహింస లేకున్నను భావహింస ఉండునని దీని సారము.

“అట్లయిన పారవేయుడు” అనువారును కలరు. ఆయుధములను ఇతరుల చేతికిచ్చుట హింసాదానమని, అది అనర్థదండములలో ఒకటియని శ్రావకాచారము చెప్పుచున్నది. బొమ్మలు అమ్ము వర్తకుడును దీనిని ఆలోచింపవలసినదే. కాని బొమ్మను పారవేసినంతమాత్రమున బిడ్డ మనస్సులోని కత్తి పోవునా? పుల్ల దొరికినను బిడ్డ దానినే కత్తిగా పట్టును. ఆపదలో నున్నవానిని కాపాడుటకై ఆడు ఆట వేరు. కొట్టుటలో, పడద్రోయుటలో ఆనందించు ఆట వేరు. పెద్దలు చూడవలసినది చేతిని కాదు, ముఖమును.

ఈ బొమ్మల వరుసలోనే ఒక చక్కని పాఠము దాగియున్నది. 1983లో ‘ఫేకర్’ అను దుష్టుని బొమ్మ వెలువడినది. దానికొరకు మాటెల్ వారు క్రొత్త దేహమును గాని, క్రొత్త తలను గాని చేయలేదు. హీ-మ్యాన్ అచ్చులోనే పోసి, దేహమునకు నీలిరంగు, జుట్టునకు నారింజరంగు వేసి శత్రువని పేరుపెట్టిరి. వీరుడును శత్రువును ఒక్క అచ్చే! మన శాస్త్రములు జీవుని భావములను కృష్ణ, నీల, కపోత, పీత, పద్మ, శుక్లములను ఆరు లేశ్యలుగా చెప్పుచున్నవి. రంగు మారును, లోపలి జీవుని స్వభావము ఒక్కటియే. రెండు బొమ్మలను ప్రక్కప్రక్కన నిలిపి “వీరిద్దరిలో భేదమేమి, నాయనా?” అని అడిగిన తండ్రి ఒక ఉపన్యాసము చేయ నక్కరలేదు.

ఇంకొక చిక్కు పెద్దలకే గలదు. పాత బొమ్మలను కూడబెట్టువారు నేడు పెట్టె విప్పని బొమ్మకు ఎక్కువ వెల కట్టుదురు. ఏ బిడ్డయు తాకనిదే మిక్కిలి విలువైనదట! పరిగ్రహము వస్తువునందు లేదు, మూర్ఛయందున్నదని శాస్త్రము. వెల విన్నంతనే బిడ్డ చేతినుండి బొమ్మను లాగుకొను తండ్రి, కత్తికంటె పదునైన దానిని ఆ బిడ్డకు నేర్పుచున్నాడు.

కనుక బొమ్మ నీయవచ్చును. కాని దానితోపాటు కొంత కాలమును, ప్రక్కన కూర్చుండు ఓపికను గూడ ఈయవలెను. ఇన్నేండ్లలో బొమ్మ మారలేదు. పట్టుకొన్నవాని భావము ఎంత మారినదో చూచుకొనుటయే దానిని మరల చేతికి తీసికొనుటలోని ప్రయోజనము.