క్రైస్తవ కళాశాల విశ్వాసాన్ని ఇస్తుందా?

జూన్ నెల వచ్చిందంటే విచారణ గురువు ఇంటి వరండాలో ప్రార్థన కోసం వచ్చేవారికంటే ఉత్తరాల కోసం వచ్చేవారే ఎక్కువగా కనిపిస్తారు. ఒకరికి జ్ఞానస్నాన పత్రం కావాలి, మరొకరికి సిఫారసు ఉత్తరం కావాలి. ఈ ఏడు కూడా ఒక ఆదివారం దివ్యబలిపూజ ముగిసిన తరువాత ఒక తల్లి కుమారుణ్ణి వెంటబెట్టుకొని వచ్చింది. "ఫాదర్‌గారూ, మావాడికి ఫాదర్ల కాలేజీ హాస్టల్లో చోటు ఇప్పించండి. అక్కడైతే వాడి భక్తి చెడిపోదు" అన్నది. ఉత్తరం రాసి ఇచ్చాను. ఆమె సంతోషంగా వెళ్లిపోయింది. ఆమె అన్న మాట మాత్రం నన్ను వదిలిపెట్టలేదు. పాలు చెడిపోకుండా చల్లని చోట దాచినట్టు, విశ్వాసం చెడిపోకుండా పిల్లల్ని ఎక్కడైనా దాచగలమా?

మన తెలుగు నేలమీద క్రైస్తవ కళాశాలలకు కొదవ లేదు. మచిలీపట్నంలో నోబుల్ కళాశాలకు 1843లోనే పునాది పడింది. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల చరిత్ర 1885లో మొదలైంది. ఇవి ప్రొటెస్టెంటు సహోదరుల కృషి ఫలితాలు. కతోలికుల విషయానికి వస్తే, 1953లో యేసుసభ గురువులు విజయవాడలో ఆంధ్ర లొయోలా కళాశాలను ప్రారంభించారు. మఠకన్యల సేవవల్ల విశాఖపట్నంలో 1958లో సెయింట్ జోసఫ్స్ మహిళా కళాశాల, విజయవాడలో 1962లో మేరీస్ స్టెల్లా కళాశాల వెలిశాయి. ఇటువంటి కళాశాలల్లో చదువుకొని విశ్వాసంలో ఎదిగినవారు మన మధ్య ఉన్నారు. పట్టా పుచ్చుకున్న మరుసటి ఆదివారం నుంచే గుడి మెట్లు ఎక్కడం మానేసినవారూ ఉన్నారు. అదే తరగతి గది, అదే ప్రార్థనాలయం, అదే గురువులు. మరి తేడా ఎక్కడ వచ్చింది?

గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో మాకు మొదట నేర్పిన భేదాలలో ఒకటి ఇది: కారణం వేరు, అనుకూల పరిస్థితి వేరు. కిటికీ తెరిస్తే గదిలోకి వెలుగు వస్తుంది. అయితే వెలుగుకు కారణం కిటికీ కాదు, సూర్యుడు. విశ్వాసం దేవుని వరం. దాన్ని ఏ కళాశాలా తయారుచేయలేదు. కళాశాల కిటికీ మాత్రమే కాగలదు. పునీత జాన్ హెన్రీ న్యూమన్ 1854లో డబ్లిన్ నగరంలో ప్రారంభమైన కతోలిక విశ్వవిద్యాలయానికి అధ్యక్షులుగా పనిచేశారు. అంతటి ఆయనే, చదువు ఎంత గొప్పదైనా దానంతట అది మనిషిని పుణ్యాత్ముణ్ణి చేయలేదని నిర్మొహమాటంగా బోధించారు. అలాగని ఆయన చేతులు ముడుచుకొని కూర్చోలేదు. అంతకు ముందు ఆక్స్‌ఫర్డులోని ఓరియల్ కళాశాలలో అధ్యాపకులుగా ఉన్నప్పుడు, విద్యార్థి ఆత్మను గురించిన బాధ్యత కూడా అధ్యాపకునిదేనని పట్టుబట్టి, ఆ విషయంలో పై అధికారితో విభేదించారు. 2025 నవంబరు 1న శ్రీసభ ఆయనను వేదపారంగతునిగా ప్రకటించింది.

అయితే మనం కోరుకునే 'సొంత విశ్వాసం' అంటే ఏమిటి? యోహాను సువిశేషం నాలుగవ అధ్యాయం చూడండి. యాకోబు బావి దగ్గర ప్రభువుతో మాట్లాడిన సమరియ స్త్రీ ఊరిలోకి పరుగెత్తి తాను విన్నది చెప్పింది. ఆమె మాట నమ్మి చాలామంది వచ్చారు. ప్రభువు రెండు రోజులు అక్కడే ఉన్నారు. ఆ తరువాత ఆ ఊరివారు ఆమెతో, తాము ఇక ఆమె చెప్పినందువల్ల కాక, స్వయంగా విన్నందువల్ల నమ్ముతున్నామని అన్నారు. వారు ఆమెను తక్కువచేయలేదు. ఆమె చెప్పకపోతే వారు బావి దాకా వచ్చేవారే కాదు. మన పిల్లల విశ్వాసం కూడా మొదట అమ్మ మాట, ఉపదేశి మాట, గుడిగంట. అది మంచిదే. కాని అక్కడే ఆగిపోతే అది అమ్మ విశ్వాసంగానే మిగిలిపోతుంది. ఆ రెండు రోజులు ప్రభువు దగ్గర కూర్చొని స్వయంగా వినే వయస్సు పదిహేడు, పద్దెనిమిది, ఇరవై. ఆ వయస్సులో పిల్లలు ఎక్కడ ఉంటారు, ఎవరి దగ్గర ఉంటారు అన్నది చిన్న విషయం కాదు.

ఈ సందర్భంలో నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పాతికేళ్ల క్రిందట, నా మొదటి విచారణలో, ఇంటర్మీడియట్ చదివే ఒక అబ్బాయి తండ్రికి జబ్బు చేసింది. ఊరంతా మూడు రాత్రులు జపమాల చెప్పాము. నాలుగవ రోజు ఆయన చనిపోయాడు. భూస్థాపన అయిన వారానికి ఆ అబ్బాయి వచ్చి, "ఫాదర్, దేవుడు మన మాట వినలేదా? విని కూడా వద్దన్నాడా?" అని అడిగాడు. తత్త్వశాస్త్రంలో పట్టా ఉన్నవాణ్ణి, "అలా అడగకూడదు బాబూ, పాపం" అన్నాను. అతను తలవంచుకొని వెళ్లిపోయాడు. గుడికి రావడం మానలేదు. నా దగ్గరికి రావడం మానేశాడు.

కొన్నేళ్ల తరువాత పెళ్లి ప్రకటనలు చెప్పించుకోవడానికి వచ్చాడు. అప్పటికి ఒక క్రైస్తవ కళాశాలలో డిగ్రీ పూర్తిచేశాడు. ధైర్యం చేసి ఆ పాత ప్రశ్న సంగతి నేనే ఎత్తాను. అతను నవ్వి, "హాస్టల్లో ఒక ముసలి ఫాదర్‌గారు ఉండేవారు. ఆయన్నీ అదే అడిగాను. నాకూ తెలియదు, కూర్చో, ఇద్దరం కలిసి దేవుణ్ణే అడుగుదాం అన్నారు. ప్రతి శనివారం మమ్మల్ని పెద్దాసుపత్రి వార్డులకు తీసుకొనిపోయేవారు. జవాబు దొరకలేదు ఫాదర్. కాని అడిగేవాణ్ణి నేనొక్కణ్ణే కాదని తెలిసింది. యోబు గ్రంథం మొత్తం అప్పుడే చదివాను. ఇప్పుడు ప్రార్థన చేస్తే అది నా ప్రార్థన" అన్నాడు. నేను మూసిన తలుపును ఆ వృద్ధ గురువు తెరిచారు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. క్రైస్తవేతర విద్యాలయాల్లో చదివి మహా విశ్వాసులైనవారు లేరా అని. తప్పకుండా ఉన్నారు. మన విచారణల్లో పనిచేసే విన్సెంట్ డి పాల్ సభ పుట్టుకే అందుకు సాక్ష్యం. ఫ్రెడరిక్ ఓజనామ్ పారిస్‌లో న్యాయశాస్త్రం చదివే రోజుల్లో అక్కడి విద్యాలోకం శ్రీసభకు అనుకూలంగా లేదు. ఒక చర్చాగోష్ఠిలో తోటి విద్యార్థి ఒకడు, మీ మతం ఒకప్పుడు ఘనకార్యాలు చేసిందేమో, ఇప్పుడు మీరు చేస్తున్నదేమిటని నిలదీశాడు. ఆ మాట ఓజనామ్‌కు సూటిగా తగిలింది. 1833 ఏప్రిల్ 23న, తన ఇరవయ్యవ పుట్టినరోజున, కొద్దిమంది మిత్రులతో ఆ సంఘాన్ని మొదలుపెట్టాడు. బాయీ అనే పత్రికా సంపాదకుడు వారికి పెద్దదిక్కుగా నిలిచాడు. రోజలీ అనే మఠకన్య వారికి పేదల ఇళ్లకు దారి చూపింది. 1997లో పోపు రెండవ జాన్ పాల్ గారు పారిస్‌లోనే ఆయనను ధన్యజీవిగా ప్రకటించారు.

ఈ కథలో విశ్వాసాన్ని లోతుచేసినవి నాలుగు: సూటియైన ప్రశ్న, తోటి మిత్రులు, వినే పెద్దమనిషి, పేదవాని గడప. ఓజనామ్‌కు ఇవి దైవకృపవల్ల ఒకచోట కలిసివచ్చాయి. అందరికీ అలా కలిసిరావు. వీటిని కావాలని, ఓపికతో, ఏటేటా ఒకచోట కూర్చడమే క్రైస్తవ కళాశాల పని. గోడమీద సిలువ ఉండి ఈ నాలుగూ లేకపోతే అది క్రైస్తవుల ఆస్తి అవుతుందేగాని క్రైస్తవ కళాశాల కాదు.

మన కళాశాలల్లో చదివేవారిలో ఎక్కువమంది ఇతర మతస్థులే. దీన్ని కొందరు లోపంగా చూస్తారు. నేను మేలుగానే చూస్తాను. "మీ దేవుడు సిలువ మీద ఎందుకు చనిపోయాడురా?" అని పక్క మంచం మీది హిందూ స్నేహితుడు మంచిమనస్సుతో అడిగినప్పుడు, మనవాడు చిన్ననాడు బట్టీపట్టిన సత్యోపదేశపు జవాబు సరిపోదు. తన జవాబు తాను వెదుక్కోవాలి. ఆ వెదుకులాటే సగం ప్రార్థన. ఇక మన రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలో సమ్మతి లేకుండా ఎవరినీ మతబోధకు గాని ఆరాధనకు గాని బలవంతపెట్టరాదు. దీనికి మనం నొచ్చుకోనక్కరలేదు. విశ్వాసం స్వేచ్ఛతో చేసేదని రెండవ వాటికన్ మహాసభ కూడా 1965లోనే చాటింది. హాజరుపట్టీ వేసి నింపిన ప్రార్థనాలయంకంటే, ఇష్టపడి వచ్చిన అయిదుగురున్న ప్రార్థనాలయం దేవునికి దగ్గర.

ఇంకొక్క విషయం. మన ఊళ్లలో గుడి ఒకటే అయినా పేటలు వేరు. పీట దగ్గర ఒకే అప్పాన్ని పంచుకొని, ఇంటికి వెళ్లాక ఎవరి వీధి వారిదే. కులం పేరు అడగకుండా ఒకే బల్ల దగ్గర మూడేళ్లు అన్నం తిన్న యువకుడు దివ్యసత్ప్రసాదానికి అర్థం అప్పుడే తెలుసుకుంటాడు. కళాశాలలోనూ కులాన్నిబట్టి గదులు, గుంపులు ఏర్పడితే ఎన్ని ధ్యానవడకాలు పెట్టినా వృథా. అలాగే ఫీజు కట్టలేని మన కూలివాని బిడ్డ గేటు బయటే నిలబడిపోతే, లోపల ఎవరి విశ్వాసం లోతవుతున్నదో నిర్వాహకులు తమను తాము ప్రశ్నించుకోవాలి.

తల్లిదండ్రులారా, పిల్లల్ని క్రైస్తవ కళాశాలకు పంపండి. కాని దాచడానికి పంపకండి. సెలవులకు ఇంటికి వచ్చి వారు కొత్త ప్రశ్న వేస్తే భక్తి చెడిపోయిందని బెంబేలుపడకండి. నూతి దగ్గర నిలబడి చేద వేస్తున్నారని తెలుసుకోండి. నీళ్లు పైకి వచ్చేదాకా పక్కన నిలబడండి. తోటి గురువులకూ నేను చెప్పగలిగింది అంతే.

ఆ తల్లికి ఇచ్చిన ఉత్తరంలో అబ్బాయి క్రమం తప్పక పూజకు వస్తాడని రాశాను. అది నిజమే. మొన్న ఆ అబ్బాయి ఒక్కడే కనిపించాడు. "బాబూ, అక్కడికి వెళ్లాక నీకేమైనా సందేహం వస్తే అక్కడి ఫాదర్లను అడుగు. సెలవులకు వచ్చినప్పుడు నన్నూ అడుగు" అన్నాను. ఈసారి పాపం అనననే నా నమ్మకం. ప్రభువు నాకు ఆ వినే చెవిని దయచేయాలని మీరూ ప్రార్థించండి.