ఎంటర్ కొట్టే ముందు ఒక్కసారి ఆగు నాన్నా

ఇలా వచ్చి కూర్చో నాన్నా. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకునే కూర్చో, మూసెయ్యమని అనను. ఉబుంటు ఐఎస్‌ఓ రాద్దామనుకున్న ఆ పెన్‌డ్రైవ్ మాత్రం ఇంకా గుచ్చకు. రెండు మాటలు చెప్తాను, విన్నాక నీ పని నువ్వు చేసుకో. నీకు రాదని కాదు చెప్పేది. నీకు వచ్చు, బాగా వచ్చు. నా భయమంతా నీ తొందర గురించే.

డీడీ కమాండ్ ఉంది చూశావూ, 1970ల నుంచీ యూనిక్స్‌లో ఉన్న మనిషి అది. చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది. ఐఎఫ్ దగ్గర ఎక్కణ్ణుంచి చదవాలో చెప్తావు, ఓఎఫ్ దగ్గర ఎక్కడ రాయాలో చెప్తావు. రాసే చోట అప్పటికే ఏముందో అది చూడదు. నిజంగానే రాసెయ్యనా అని నిన్ను అడగదు. పెన్‌డ్రైవ్ పేరు ఎస్‌డీబీ అని కొట్టాల్సిన చోట ఎస్‌డీఏ అని పడిందనుకో, చెల్లి పెళ్ళి ఫోటోలూ మీ నాన్న దాచుకున్న పొలం కాగితాల స్కాన్లూ ఉన్న డిస్క్ మీద ఉబుంటు రాసుకుంటూ పోతుంది. కంగారుపడి కంట్రోల్ సీ కొడతావు. అప్పటికే మొదట్లో ఉండే పార్టిషన్ టేబుల్ పోయుంటుంది, దాని వెనకాల ఇంకెంత పోయిందో లెక్క తెలీదు. దానికి జనం డిస్క్ డిస్ట్రాయర్ అని పేరు పెట్టింది ఊరికే కాదు నాన్నా.

అందుకని ముందు, ఉన్న డిస్కులన్నీ చూపించే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొట్టు. పెన్‌డ్రైవ్ గుచ్చకముందు ఒకసారి కొట్టు, గుచ్చాక ఇంకోసారి కొట్టు. రెండోసారి కొత్తగా కనిపించిన పేరే నీది. అక్కడితో వదిలెయ్యకు. మైనస్ ఓ పెట్టి నేమ్, సైజ్, మోడల్, ట్రాన్ అనే నాలుగు వరసలూ అడుగు. ట్రాన్ కింద యూఎస్‌బీ అని ఉందా, శాటా అనో ఎన్‌వీఎంఈ అనో ఉందా? ఆ ఒక్క మాట చూసుకుంటే సగం గండం గడిచినట్టే. సైజు కూడా చూడు. అట్ట మీద 32 జీబీ అని ఉన్నది అక్కడ 29 దరిదాపుల్లో కనిపిస్తుంది, మోసపోయానని అనుకోకు. అమ్మేవాళ్ళు 1000 చొప్పున లెక్క కడతారు, ఎల్‌ఎస్‌బీఎల్‌కే 1024 చొప్పున కడుతుంది, అంతే తేడా.

ఇంకో అలవాటుంది నీకు, పై బాణం నొక్కి నిన్నటి కమాండే మళ్ళీ పంపడం. అది మానుకో. నిన్న ఎస్‌డీబీగా కనిపించిన పెన్‌డ్రైవ్ ఇవాళ ఎస్‌డీసీ కావచ్చు. నిన్న లేని బ్యాకప్ డిస్క్ ఇవాళ గుచ్చి ఉంటే ఆ ఎస్‌డీబీ పేరు దానికి పోవచ్చు. ఆ పేర్లు బూట్ అయినప్పుడల్లా, గుచ్చినప్పుడల్లా వచ్చిన వరసలో పడేవి, ఎవరి పేరునా రాసిచ్చినవి కావు. మారని పేరే కావాలంటే డెవ్ కింద డిస్క్, దాని కింద బై-ఐడీ ఫోల్డర్లో చూడు. కంపెనీ, మోడల్, సీరియల్ నంబర్ కలిసిన పొడుగాటి పేరు ఉంటుంది. కొట్టడం కష్టమే. ట్యాబ్ నొక్కితే అదే పూర్తి చేస్తుంది. ఆ కష్టమే మంచిది నాన్నా, అంత పేరు చదివేటప్పుడైనా నీ చెయ్యి కాస్త ఆగుతుంది.

ఇక రాసేముందు ఆ ఐఎస్‌ఓ సరైనదో కాదో చూసుకున్నావా? డౌన్‌లోడ్ నూరు శాతం అని చూపించింది, చాలదా అంటావు. చాలదు. వడ్లు ఇంటి దగ్గర తూచి పంపినా మిల్లు దగ్గర మళ్ళీ కాటా పెడతారా లేదా? అలాగే తయారుచేసినవాళ్ళు షా256 చెక్‌సమ్ ఒకటి ఇస్తారు, 64 అక్షరాలూ అంకెలూ కలిసినది. నీ దగ్గరకొచ్చిన ఫైల్ మీద షా256సమ్ నడిపితే అదే రావాలి. ఫైల్లో ఒక్క బిట్ మారినా ఆ 64లో చాలా భాగం మారిపోతుంది. మొదటి నాలుగూ చివరి నాలుగూ కంటితో పోల్చి సరే అనుకోకు. వాళ్ళిచ్చిన చెక్‌సమ్‌ల ఫైల్ కూడా దించుకుని, మైనస్ సీ పెట్టి కంప్యూటర్‌నే పోల్చమను. ఓకే అని చెప్తేనే ముందుకు వెళ్ళు. చెప్పకపోతే మళ్ళీ దించుకో, ఇంటర్నెట్‌ని తిట్టుకుంటూనైనా సరే మళ్ళీ దించుకో.

ఇదంతా చాదస్తం అనుకుంటావేమో. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ వాళ్ళ వెబ్‌సైట్‌లోకి దొంగలు చొరబడి, మింట్ 17.3 సిన్నమన్ లింకును తాము దొంగతలుపు పెట్టిన ఐఎస్‌ఓ మీదికి తిప్పేశారు. ఆ రోజు అక్కడ దించుకున్నవాళ్ళు తప్పేం చేశారు చెప్పు? అసలు సైటుకే వెళ్ళారు, అసలు బటనే నొక్కారు. పైగా సైటులో లింకు మార్చగలిగిన దొంగ అదే సైటులోని చెక్‌సమ్‌ని కూడా మార్చగలడు. అందుకే ఆ చెక్‌సమ్‌ల ఫైల్ పక్కన జీపీజీ సంతకం కూడా పెడతారు. ఉబుంటు వాళ్ళు పెడతారు, డెబియన్ వాళ్ళు పెడతారు. ఆ సంతకం చూసే తాళంచెవి ఒక్కసారి నమ్మకమైన చోటు నుంచి తెచ్చుకుని ఉంచుకుంటే, ప్రతిసారీ పట్టేది ఒక్క నిమిషం. ఆ నిమిషానికి కూడా తొందరపడితే ఎలా?

రాసేటప్పుడు మొత్తం డిస్క్ పేరు ఇవ్వు, ఎస్‌డీబీ1 అని పార్టిషన్ పేరు ఇవ్వకు, అలా రాస్తే బూట్ కాదు. ముందు పెన్‌డ్రైవ్‌ని అన్‌మౌంట్ చెయ్యి. స్టేటస్ ప్రోగ్రెస్ పెట్టుకుంటే ఎంత రాసిందో కనిపిస్తుంటుంది. కాన్వ్ ఎఫ్‌సింక్ కూడా తప్పకుండా పెట్టు. లేకపోతే ప్రాంప్ట్ తిరిగి వస్తుంది కానీ, కొంత డేటా ఇంకా మెమరీలోనే ఉండిపోవచ్చు. నువ్వేమో అయిపోయిందని లాగేస్తావు. తర్వాత బూట్ కాలేదని పెన్‌డ్రైవ్‌ని తిడతావు. రాయడం అయ్యాక ఒకసారి తీసి, మళ్ళీ గుచ్చి, సీఎంపీతో ఐఎస్‌ఓ ఎంత సైజుందో అంత వరకే పోల్చు. పెన్‌డ్రైవ్ ఐఎస్‌ఓ కంటే పెద్దది కాబట్టి ఆ హద్దు చెప్పకపోతే ఉత్త పుణ్యానికి తేడా ఉందంటుంది.

ఇంకొకరి డిస్క్‌కి ఇమేజ్ తీసే పని, అంటే డిస్క్ మొత్తాన్నీ ఒకే ఫైల్‌గా కాపీ చేసే పని, ఇంకా జాగ్రత్తగా చెయ్యాలి. మావయ్యగారి పాత ల్యాప్‌టాప్ టకటకమని చప్పుడు చేస్తోందని నీ దగ్గరకి తెచ్చారనుకో. నీకు మంచి మనసు, వెంటనే తెరిచి ఫోల్డర్లు వెతకడం మొదలుపెడతావు. వద్దు. చావడానికి సిద్ధంగా ఉన్న డిస్క్ ఎన్నిసార్లు చదవనిస్తుందో ఎవరూ చెప్పలేరు. ఆ చదివేదేదో ఇమేజ్ తియ్యడానికే చదువు. దానికి మామూలు డీడీ పనికిరాదు, చదవలేని చోటు మొదటిది తగలగానే ఆగిపోతుంది. గ్నూ డీడీరెస్క్యూ పెట్టుకో. అది ముందు బాగున్న భాగమంతా గబగబా లాగేసి, మొండికేసిన చోట్లకి తర్వాత వస్తుంది. మ్యాప్ ఫైల్ పేరు ఇవ్వడం మాత్రం మర్చిపోకు. మధ్యలో కరెంటు పోయినా, డిస్క్ వేడెక్కి ఆపాల్సి వచ్చినా, ఆ ఫైల్ ఉంటే ఆగిన చోట నుంచే మొదలుపెడుతుంది. ఇమేజ్ పెట్టే డిస్క్‌లో చోటు ముందే చూసుకో. 500 జీబీ డిస్క్‌లో ఫైళ్ళు 60 జీబీయే ఉన్నా ఇమేజ్ 500 జీబీ అనే అంటుంది. ఎఫ్‌ఏటీ32 పెన్‌డ్రైవ్‌లో ఒక్క ఫైల్ 4 జీబీ దాటలేదు కాబట్టి అక్కడ పెడదామని అనుకోకు. బాగున్న డిస్క్‌కైతే ఇంత తంటా లేదు, కానీ నడుస్తున్న సిస్టమ్‌లోనే కూర్చుని దాని డిస్క్‌నే ఇమేజ్ తియ్యకు. నువ్వు తీస్తుంటే అది రాస్తూనే ఉంటుంది, ముందు భాగం ఒకలా వెనక భాగం ఇంకోలా వస్తుంది. లైవ్ యూఎస్‌బీ నుంచి బూట్ చేసి తియ్యి.

తీశాక ఆ ఇమేజ్‌ని మౌంట్ చెయ్యబోతే రాంగ్ ఎఫ్ఎస్ టైప్ అని మొహాన కొడుతుంది. ఇక్కడే మీ వయసువాళ్ళు బెంబేలుపడి, ఇమేజ్ పాడైంది అనుకుని చెరిపేస్తారు. చెరపకు నాన్నా! అది మొత్తం డిస్క్ ఇమేజ్, మొదట్లో పార్టిషన్ టేబుల్ ఉంటుంది, అందుకే అలా అంటుంది. లోసెటప్‌కి రీడ్-ఓన్లీ, పార్ట్‌స్కాన్ రెండూ చెప్పి ఎక్కించు. లూప్0పీ1, లూప్0పీ2 అని పార్టిషన్లు విడివిడిగా వస్తాయి, కావలసినది మౌంట్ చేసుకో. ఈఎక్స్‌టీ4 అయితే మౌంట్‌కి ఆర్‌ఓతో పాటు నోలోడ్ కూడా చెప్పు. ఆర్‌ఓ ఒక్కటే అంటే జర్నల్‌లో మిగిలిన పని పూర్తి చెయ్యాలని చూస్తుంది, ఉన్న ఒక్క కాపీలో అది కూడా వద్దు. రిపేరు చెయ్యాలంటే ఆ ఇమేజ్‌కి ఇంకో కాపీ తీసి దాని మీద చెయ్యి. ఎంత చోటైనా పట్టనీ, మొదటిది ముట్టుకోకు.

మరొకటి. ఆ ఇమేజ్‌ని స్నేహితుడికి చూపిద్దామని ఎక్కడో అప్‌లోడ్ చేసేవు. డిస్క్ ఇమేజ్ అంటే కనిపించే ఫైళ్ళు మాత్రమే కాదు. చెరిపేశామనుకున్నవీ చాలామటుకు అందులోనే ఉంటాయి. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు, అత్తయ్యగారి బ్యాంకు కాగితాలు, పదేళ్ళ కిందటి వాళ్ళింటి ఫోటోలు అన్నీ ఉంటాయి. నిన్ను నమ్మి వాళ్ళ ఇల్లు తాళంతో సహా నీ చేతిలో పెట్టారు. పని అయ్యాక ఇమేజ్ ఉంచమంటారా, తీసెయ్యమంటారా అని వాళ్ళనే అడుగు. ఉంచమంటే ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచు.

దాచే ఇమేజ్ పక్కనే దాని షా256 ఫైల్ పెట్టు, ఏ మిషన్‌దో, ఏ తారీఖున తీసిందో పేరులోనే రాయి. బ్యాకప్.ఐఎమ్‌జీ, బ్యాకప్ కొత్తది.ఐఎమ్‌జీ అని పెడితే ఆరు నెలలకి నీకే తెలీదు ఏది ఏదో. ఆ తర్వాత వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని ఇమేజ్ మౌంట్ చేసి, మావయ్యా మీకు ముఖ్యమైన ఫైల్ ఏదో చెప్పండి అని అడిగి, అదే తెరిచి చూపించు. ఫోటో అయితే పేరు కాదు, బొమ్మే పూర్తిగా కనిపించాలి. వాళ్ళు చూసి సరే అన్నాక పాత డిస్క్‌ని ఫార్మాట్ చేస్తావో, పారేస్తావో నీ ఇష్టం. అప్పుడు కూడా ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొట్టాకే.