ద్వేషించేవారితో ఎలా మెలగాలి?



మన ధర్మాన్ని ద్వేషించేవారితో మాట్లాడాలా, మానాలా? ఈ ప్రశ్న నేడు ఎన్నో ఇళ్ళలో వినిపిస్తోంది. కొందరు పూర్తిగా తెగతెంపులు చేసుకోమంటారు. మరికొందరు స్నేహం చెడుతుందన్న భయంతో ఎలాంటి మాటకైనా తలూపుతారు. ఈ రెండూ ఇస్లాం చూపిన మార్గాలు కావు.

దివ్యఖుర్ఆన్ అన్‌నిసా సూరా 140వ ఆయత్‌ను గమనించండి. దైవవాక్యాలను ఎగతాళి చేసేచోట కూర్చోరాదనీ, కూర్చుంటే మనమూ వారిలాంటివారమే అవుతామనీ అందులో హెచ్చరిక ఉంది. అయితే అక్కడే ‘హత్తా’ అనే పదం కూడా ఉంది. అంటే ‘అంతవరకు’ అని అర్థం. వారు వేరే మాటల్లోకి వెళ్ళేంతవరకే ఆ దూరం. లేచి రావలసింది ఆ మాటల నుంచి. ఆ మనిషిని జీవితాంతం వెలివేయమని కాదు.

దైవప్రవక్త (స) ఆచరణ చూడండి. బనూ హనీఫా తెగ నాయకుడు సుమామా బిన్ ఉసాల్ బద్ధశత్రువు. ఆయన బందీగా చిక్కితే మస్జిదె నబవీ స్తంభానికి కట్టివేశారు. ప్రవక్త (స) మూడు రోజులు స్వయంగా వెళ్ళి పలకరించారు. ముస్లింల నమాజు, నడవడిక ఆయన కళ్ళముందే ఉన్నాయి. మూడో రోజు ఏ షరతూ లేకుండా విడిపించారు. సుమామా దగ్గరలోని ఖర్జూర తోటకు వెళ్ళి, గుస్ల్ చేసి వచ్చి కలిమా పలికారు. ఈ సంఘటన బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది.

తర్వాత ఆయన మక్కాకు యమామా ధాన్యాన్ని ఆపివేశారు. ఖురైషులు ప్రవక్తకే (స) మొరపెట్టుకోగా, ధాన్యం పోనివ్వమని ఆయన కబురు పంపారని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. అప్పటికి ఖురైషుల ద్వేషం చల్లారలేదు. అయినా వారి ఆకలిని ఆయన ఆయుధం చేసుకోలేదు.

దీని అర్థం దౌర్జన్యాన్ని సహించమని కాదు. మనపై చేయి ఎత్తేవారినీ, నోరు జారేవారినీ ఒకే గాటన కట్టకూడదు. మొదటివారి నుంచి ఇంటిని కాపాడుకోవాలి, చట్టాన్ని ఆశ్రయించాలి. రెండోవారితో, ‘ఈ మాట నన్ను బాధించింది’ అని మర్యాదగా చెప్పి లేచి రండి. మర్నాడు పలకరింపు మాత్రం మానకండి. వారింట్లో జబ్బు చేస్తే ముందు మీరే వెళ్ళండి.

మరో మాట. మన దస్తర్‌ఖాన్ దగ్గరే ఎవరైనా ఇతరుల దేవుళ్ళను దూషిస్తే? అల్ అన్‌ఆమ్ సూరా 108వ ఆయత్ దాన్ని నిషేధించింది. అక్కడ నోరు మెదపనివాడికి పొరుగింటి ద్వేషాన్ని తప్పుపట్టే అర్హత ఎక్కడిది?

ద్వేషం మధ్య కూడా న్యాయాన్ని విడువని హృదయాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.