సమదర్శనము – యంత్రదృష్టి

జ్ఞానులైనవారు బ్రాహ్మణునియందును, గోవునందును, ఏనుగునందును, శునకమునందును సమదృష్టి కలిగియుందురని గీతాచార్యుడు ఐదవ అధ్యాయమున ఉపదేశించెను. రాగద్వేషములు లేనివాడే సమదర్శి యైనచో, అవి బొత్తిగా లేని యంత్రమును సమదర్శి యనవచ్చునా? ఎవరికేమి దక్కవలెనో కంప్యూటరు నిర్ణయించుచున్న ఈ కాలమున ఇది భక్తులును ఆలోచింపదగిన ప్రశ్న.

హైదరాబాదులోని మలక్‌పేట గంజులో ఉల్లిపాయల బస్తాలు కాటా కెక్కును. అమ్మువాడును కొనువాడును చూచుచుండగనే తూకము జరుగును. తేడా వచ్చినచో అక్కడనే అడుగవచ్చును. కాని బస్తాలు మోయు హమాలీవంటి పేదవాని ఇంటికి రేషను బియ్యము చెందునా, చెందదా అను తూకము అతని కంటికి కనబడదు.

తెలంగాణ ప్రభుత్వము ‘సమగ్ర వేదిక’ అను కంప్యూటరు వ్యవస్థను నెలకొల్పి, రేషను కార్డుల ఏరివేతలో వినియోగించెను. వాహనములు, ఆస్తిపన్ను, విద్యుత్తు మున్నగు శాఖల వివరములను ఒకచోట చేర్చి, పేర్లను, చిరునామాలను పోల్చి, ఎవరు అనర్హులో అది సూచించును. పేదల ధాన్యము కలవారికి పోరాదను సంకల్పము మంచిదే. కాని పోలికలో పొరపాటు దొరలినచో? నగరమందలి ఒక వృద్ధురాలి భర్త రిక్షా త్రొక్కి బ్రతికినవాడు. అతని పేరును పోలిన పేరుగల వేరొకరికి కారుండుటచే, ఆ కారు ఈ ఇంటిదేయని లెక్క తేలెను. ఆమెకు బియ్యము నిలిచిపోయెను.

సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన వ్యాజ్యమున, 2016 నుండి రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను ఇంటింటికి పోయి విచారింపవలెనని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించెను. ఆ జూలై నాటికి పరిశీలించిన 2,05,734 దరఖాస్తులలో 15,471 అర్హమైనవని తేలెను. వందకు ఏడెనిమిది! అంకెలలో ఇది స్వల్పముగా తోచవచ్చును. ఆకలిగొన్న ఇంటికి మాత్రము అది సర్వస్వము.

యంత్రమునకు ద్వేషము లేదు, నిజమే. రాతికిని ద్వేషము లేదు. అంతమాత్రమున రాయి జ్ఞాని కాజాలదు. ఏనుగును, శునకమును సమముగా చూచువాడు ఆ రెంటిని ఒకే జంతువని భ్రమింపడు. దేని ఆకలి దానికి తగినట్లు తీర్చును. జీవులు అనేకులనియు, ఎవరికి వారే వేరనియు, అందరియందును అంతర్యామిగా శ్రీమన్నారాయణుడే వసించుననియు భగవద్రామానుజులు బోధించిరి. ఇద్దరి పేర్లు కలిసినంతనే ఇద్దరిని ఒక్కరిగా లెక్కించుట సమదర్శనము కాదు, అదర్శనము.

మరియొక అన్యాయము కలదు. తనకు కారున్నదని నిరూపింపవలసిన భారము అధికారులపై ఉండవలసినది. కారు లేదని నిరూపించు భారము ఆకలిగొన్నవారిపై పడెను. లేనిదానిని లేదని చూపుట ఎవరితరము? 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము ప్రకారము అర్హులకు ఆ ధాన్యము హక్కు, భిక్ష కాదు.

కనుక యంత్రము సూచింపవచ్చును. అన్నము నిలుపు నిర్ణయము మాత్రము మనుష్యుడే, ఆ గడప తొక్కి, ఆ కుటుంబము మాట విని, తన బాధ్యతపై చేయవలెను. వైష్ణవ గృహస్థు ఆరాధనము ముగించి విస్తరి ముందు కూర్చొనుటకు పూర్వము, అతిథి ఎవరైన వచ్చియుండెనా యని వాకిలి చూచుట పెద్దల ఆచారము. జాబితా చూచుటతో ఆ ధర్మము తీరదు. వాకిలి దాక పోయి చూడవలసినదే.